మైనస్ పన్నెండు మిల్లీమీటర్లు

వర్షమాపక శాఖ జిల్లా కార్యాలయం గుమ్మం ఎక్కగానే ఎదురుగోడ మీద పసుపుపచ్చ అక్షరాలతో ఒక సూక్తి కనబడుతుంది: ‘కొలవనిది కురవనట్టే’. దాన్ని ఎవరు రాయించారో ఎవరికీ తెలియదు. వానాకాలంలో పైకప్పు కారి ఆ అక్షరాల మీదుగానే నీళ్లు ధార కడతాయి. సిబ్బంది కుర్చీలు పక్కకి జరుపుకొని పని చేసుకుంటారు తప్ప ఎవరూ కిక్కురుమనరు. కార్యాలయం లోపల వాన డబ్బా లేదు గనక శాఖ లెక్క ప్రకారం లోపల వాన పడడం లేదు.

ఈ శాఖలో సన్యాసిరావు వర్ష పరిశీలకుడు. కొర్రగెడ్డ కొండ మీద ఒక వాన డబ్బా ఉంది. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకి దాని దగ్గర నిలబడి, పైనున్న గరాటు తీసి, లోపలి నీటిని కొలత గ్లాసులో పోసి, ఎన్ని మిల్లీమీటర్లో చూసి, కిందికి దిగొచ్చి కార్యాలయానికి ఫోన్ చెయ్యడం అతని ఉద్యోగం. జిల్లాలో తక్కిన పరిశీలకులు ఈ పనిని టీ కొట్టు బెంచీ మీద కూర్చుని, ఆకాశం వంక ఒక చూపు చూసి కానిచ్చేస్తారు. వాళ్ల అంకెలు పది, ఇరవై అంటూ చక్కగా, గుండ్రంగా ఉంటాయి. సన్యాసిరావు అంకెలకి ఆ అందం లేదు. ఒకరోజు మూడు, మర్నాడు తొంభై ఒకటి, ఆ మర్నాడు సున్న. తన కళ్లతో చూడని చుక్కని పదకొండేళ్లుగా అతను రాయలేదు. అతనికున్న గర్వమల్లా అదొక్కటే.

ఆ గర్వంలో భార్య నూకరత్నానికీ వాటా ఉంది. మోకాళ్లదాకా తడిసిన పంట్లాంతో అతను ఇంటికి రాగానే కంచం పెడుతూ ఆమె అడిగే ప్రశ్న రోజూ ఒకటే: “ఏటయ్యా, కొండమీద ఎంత పడింది?” అతను చెబుతాడు. కాసేపట్లో ఆ అంకె వీధంతా తెలిసిపోతుంది. కొండ మీంచి వచ్చే వాగు, ఆ గెడ్డ దాటి సంతకెళ్లాల్సిన వాళ్లు నూకరత్నాన్ని అడగకుండా గడప దాటరు. “కొండమీద తొంభై పడింది, ఈ పూట ఎల్లకండి” అని ఆమె అంటే ఆగిపోతారు. “మూడే” అంటే బుట్టలు ఎత్తుకుంటారు. శాఖ దగ్గర కూడబెట్టిన అంకెల్లో ఎవరికైనా పనికొచ్చినవి ఉన్నాయంటే అవి ఇవే. ఆ సంగతి శాఖకి తెలియదు.

కొండెక్కడానికి శాఖ అతనికొక మోటారు సైకిలు ఇచ్చింది. అది కొన్న ఏడాది బడ్జెట్లో ‘వాహనాలు’ అన్న పద్దు లేదు, ‘పరికరాలు’ అన్న పద్దు ఉంది. అంచేత బండి పరికరాల కింద వచ్చింది. పరికరాల విషయంలో శాఖ మహా కట్టుదిట్టం. ఎవరూ చెయ్యి పెట్టి లెక్కలు మార్చకుండా ప్రతి స్క్రూ మీదా, ప్రతి నట్టు మీదా లక్క ముద్ర వెయ్యాలి. ముద్ర పగిలితే పరిశీలకుడి ఉద్యోగం ఊడుతుంది. వాన డబ్బాకి వేసినట్టే బండికీ వేశారు. ఇరుసుల మీద, బ్రేకుల మీద, హ్యాండిలు మెడ మీది పెద్ద నట్టు మీద ఎర్రటి లక్క బొట్లు పెట్టి శాఖ ముద్ర గుద్దారు. పెట్రోలు ట్యాంకు మూతకి కూడా వేశారు గానీ, మొదటి ట్యాంకు అయిపోయాక బండి కదలకపోయేసరికి దానికి మాత్రం ప్రత్యేక మినహాయింపు మంజూరైంది.

బండి కొన్నేళ్లు బుద్ధిగానే నడిచింది. మొన్న వేసవిలో దాని ముందు భాగం ఊగడం మొదలెట్టింది. కొండ దిగుతూ అరవైలో ఉండగా యాక్సిలేటరు వదిలితే, వేగం యాభైకి వచ్చేలోపు హ్యాండిలు ఎడమకీ కుడికీ టపటపా కొట్టుకుంటుంది. గట్టిగా పట్టుకుంటే ఆ వణుకు భుజాల్లోకి పాకుతుంది. పట్టు సడలిస్తే ఇంకా రెచ్చిపోతుంది. సన్యాసిరావు కొలతల మనిషి కాబట్టి ఒక వరస ప్రకారం వెతికాడు. టైరులో గాలి చూశాడు, సరిగానే ఉంది. టైరు చుట్టూ అరచెయ్యి రాశాడు, ఎగుడుదిగుడు అరుగుదల లేదు. స్పోకుల్ని స్పానరుతో ఒక్కొక్కటే తట్టాడు, అన్నీ ఒకేలా మోగాయి. చక్రం పైకి లేపి తిప్పాడు, వంకర లేకుండా తిరిగింది. చివరికి సెంటర్ స్టాండు వేసి, ముందు చక్రం గాల్లోకి లేవడానికి నూకరత్నాన్ని వెనక సీటు మీద కూర్చోబెట్టి, చక్రానికి అటూ ఇటూ ఉండే ఫోర్కులు రెండూ అడుగున పట్టుకుని ముందుకీ వెనక్కీ కుదిపాడు. మెడలో ‘టక్’ మంది.

“మెడకాయ లూజయిపోనాది,” అంది నూకరత్నం సీటు మీంచే. “నాకిక్కడికి తెలుస్తంది.”

హ్యాండిలు తిరగడానికి మెడలో పైనా కిందా ఉండే బేరింగుల జతని కోన్ సెట్ అంటారు. అది వదులైంది, అంతే. పై నట్టు సడలించి, దాని కింది రింగుని ఆ ‘టక్’ పోయేవరకు ఒక్క పిసరు తిప్పి, హ్యాండిలు బిగుసుకుపోకుండా తేలిగ్గా అటూ ఇటూ వాలుతోందో లేదో చూసుకుని, మళ్లీ పై నట్టు బిగిస్తే సరి. టీ తాగినంతసేపు పని. కానీ నట్టు మీద లక్క ఉంది.

ఆ వారంలోనే నేరేడు మలుపు దగ్గర బండి అతన్ని విసిరేసింది. అక్కడ ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. కొండ పక్కకి విసిరింది కాబట్టి ముందు పన్ను సగం విరగడంతో పోయింది.

“రెండోసారి అటేపు ఇసిరితేనో?” అంది నూకరత్నం ఉప్పునీళ్లు అందిస్తూ. “నువ్వెల్లి ఆ పెద్దసారికి సెప్పు. సెప్పకపోతే నానెల్లి సెప్తాను.”

ఆమె వెళ్లి చెబితే ఎలా ఉంటుందో ఊహించుకుని సన్యాసిరావే వెళ్లాడు.

పెద్దసారు అంటే జిల్లా ఉప సంచాలకులు పరాంకుశం గారు. తెలివితక్కువ మనిషి అనుకుంటే పొరపాటు. ఇంట్లో ఆయనకొక పాత మోటారు సైకిలు ఉంది. ఆదివారాలు దాన్ని విప్పి బిగించుకోవడం ఆయన సరదా. సన్యాసిరావు చెప్పింది విని వెంటనే లేచొచ్చారు, వరండాలో ఉన్న బండి ముందు గొంతుక్కూర్చున్నారు, ఫోర్కులు పట్టుకుని కుదిపారు. టక్.

“కోన్ సెట్టేనయ్యా. చెయ్యి పెడితే తెలిసిపోతోంది,” అన్నారు.

సన్యాసిరావుకి ప్రాణం లేచొచ్చింది. “అదే సార్. ముద్ర తీసి బిగించుకుందుకు అనుమతి ఇప్పించండి.”

పరాంకుశం గారు చేతులు తుడుచుకుని లోపలికి వెళ్లి కుర్చీలో కూర్చున్నారు. కుర్చీలో కూర్చోగానే ఆయన గొంతు మారిపోయింది.

“తెలియడం వేరు, నిర్ధారణ కావడం వేరు. సదరు పరికరమునందు కంపనము కలదని నువ్వు ఆరోపిస్తున్నావు. ఎంత కలదు?”

“ఎంతేటి సార్, నానెగిరి పడ్డాను. పన్ను సూడండి.”

“పన్ను కొలమానం కాదు. ఈ శాఖ గుర్తించే కొలమానం మిల్లీమీటరు. గుర్తించే సాధనం కొలత గ్లాసు. ఇన్ని మిల్లీమీటర్ల కంపనం ఉన్నదని తేలిన పక్షంలో, ముద్ర తొలగింపు విషయమై తగు ప్రతిపాదనలు పై కార్యాలయమునకు పంపుటకు నాకెలాంటి అభ్యంతరమూ లేదు.”

“వణుకుని మిల్లీమీటర్లలో ఎలాగ సార్ కొలుస్తారు?”

“వానని మాత్రం అలా కొలవొచ్చని మొదట ఎవడనుకున్నాడు?” అన్నారు పరాంకుశం గారు.

వారం తిరక్కుండా కంపన నిర్ధారణ సంఘం ఏర్పడింది. అధ్యక్షులు పరాంకుశం గారు. సభ్యుడు అటెండరు దాలినాయుడు, ఎందుకంటే కొలత గ్లాసు బీరువా తాళం అతని దగ్గర ఉంటుంది. పద్ధతి కూడా ఆయనే కనిపెట్టారు. హ్యాండిలు మధ్యలో కొలత గ్లాసు బిగించాలి. యాభై మిల్లీమీటర్ల గీత దాకా నీళ్లు పొయ్యాలి. బండి వణికితే నీళ్లు ఒలుకుతాయి. ఎంత తగ్గితే అంత కంపనం. సన్యాసిరావుకి ఇది వినడానికి కొంచెం సబబుగానే అనిపించింది. అతని ఖర్మ.

మొదటి పరీక్ష కార్యాలయం ఆవరణలో జరిగింది. బండికి సెంటర్ స్టాండు వేసి, గ్లాసులో నీళ్లు పోసి, సంఘం ఇద్దరూ ఎదురుగా కుర్చీలు వేసుకుని గంటసేపు చూశారు. బండి కదల్లేదు.

“కంపనం నిల్,” అన్నారు పరాంకుశం గారు.

“సార్, నిలబెట్టిన బండి ఊగదు కదండి. నడపాలి.”

“పరికరాన్ని కదపకుండా కొలవాలని నిబంధన. కదిలే పరికరం మీద కొలత తీస్తే రేపు వాన డబ్బాని కూడా బండి మీద పెట్టి తిప్పమంటారు.” అయినా పరాంకుశం గారిది జాలిగుండె. పై అధికారులకి రాసి, ‘ప్రత్యేక పరిస్థితులలో చలన పరీక్ష’ అనే కొత్త వెసులుబాటు తెప్పించారు. అది వచ్చేసరికి వానాకాలం వచ్చింది. పై కార్యాలయం ఒక షరతు పెట్టింది: శాఖ నియమావళి ప్రకారం గరాటు లేకుండా కొలత గ్లాసు ఆరుబయట వాడరాదు. కాబట్టి గ్లాసు మీద గరాటు కూడా పెట్టారు. వెడల్పాటి రేకు గరాటు, వాన డబ్బాది. దాన్ని తగిలించాక హ్యాండిలు బరువెక్కి ఇంకా ఊగింది.

“ఈ గరాటుంటే నీళ్లు పైకి ఒలకవు కదండి,” అన్నాడు సన్యాసిరావు.

“గరాటు లేకుంటే కొలత చెల్లదు,” అన్నారు పరాంకుశం గారు.

పరీక్ష బైపాస్ రోడ్డు మీద. సన్యాసిరావు ముందు బండి మీద, సంఘం వెనక జీపులో. అరవైకి వెళ్లి యాక్సిలేటరు వదలాలి. అతను బయల్దేరే వేళకి తూర్పున మబ్బు పట్టింది. అరవై అందుకునేసరికి కుంభవృష్టి. అతను యాక్సిలేటరు వదిలాడు. హ్యాండిలు పూనకం వచ్చినట్టు ఊగింది. జీపులోంచి దాలినాయుడు “ఓరి నాయనో, పోనాడు, పోనాడు!” అని కేక పెట్టాడు. పరాంకుశం గారు కళ్లు మూసుకున్నారు. బండి రోడ్డు దిగి గోగు చేలోకి దూసుకుపోయి, నిటారుగా బురదలో దిగబడింది. సన్యాసిరావు మాత్రం హ్యాండిలు మీదుగా ఎగిరి అవతల పడ్డాడు.

సంఘం వానలో పరుగెత్తుకుంటూ వచ్చింది. సన్యాసిరావు పడి ఉన్న చోటు దాటి బండి దగ్గరికి పోయింది. దాలినాయుడు గ్లాసు తీసి, కంటికి ఎదురుగా పట్టుకుని, గీతలు లెక్కపెట్టాడు.

“అరవై రెండు సార్.”

“పోసింది?”

“యాభై.”

పరాంకుశం గారు తడిసిన కాగితం మీద తీసివేత వేశారు. రెండుసార్లు వేసి చూసుకున్నారు. “కంపనం మైనస్ పన్నెండు మిల్లీమీటర్లు,” అన్నారు. తన ఉద్యోగ జీవితంలో అంతకు ముందెన్నడూ ఆయన గొంతు అంత గంభీరంగా పలకలేదు.

సన్యాసిరావు బురదలోంచి లేచి కుంటుకుంటూ వచ్చాడు. “సార్, అది వాన సార్.”

“వానని కొలిచే అధికారం నోటిఫై చేసిన వాన డబ్బాకి ఉంది. ఈ గ్లాసుకి లేదు. ఇది కంపనం కొలిచే గ్లాసు. ఇందులో ఏం పడినా కంపనం కింద లెక్క.”

“మరి నాను పడ్డాను కదండి!”

“పరిశీలకుడు పడ్డాడు. పరికరం నిలబడే ఉంది. నివేదికలో రెండూ రాస్తానయ్యా, దాచేదేముంది?” అని పరాంకుశం గారు అతని భుజం తట్టారు. తట్టిన భుజం వాచి ఉంది.

నివేదిక రాజధానికి చేరాక జరిగింది చెబితే శాఖ గురించి తెలియనివాళ్లు నమ్మరు. కంపనం సున్న అయితే బండి స్థిరంగా ఉన్నట్టు. సున్నకన్నా తక్కువైతే? ‘స్థిరత్వం కన్నా అధిక స్థిరత్వం’ అని సంచాలకుల వారు అంచున రాశారు. వర్షమాపక శాఖ నెలకొల్పిన నాటి నుంచి ఎవరూ దేన్నీ ఇంత స్థిరంగా ఉంచలేదట. మిగతా జిల్లాలకి తలవంపులైంది. ఒక జిల్లా వాళ్లు బండిని బోరుబావి పంపు కింద నిలబెట్టి మైనస్ నలభై సాధించారు గానీ, అది వాన రోజు కాదని ఎవరో పితూరీ పెట్టడంతో రద్దయింది. రాష్ట్రమంతటా స్థిరత్వ పక్షోత్సవాలు జరపాలనీ, వాటిని మన జిల్లాలో సంచాలకుల వారే ఆ బండి స్వయంగా నడిపి ప్రారంభిస్తారనీ తాఖీదు వచ్చింది.

ఈలోగా సన్యాసిరావు అదే బండి మీద రోజూ కొండ ఎక్కి దిగుతున్నాడు. అనుమతి సంగతి అడిగితే, అధిక స్థిరత్వం గల పరికరం ముద్ర తొలగించాలని కోరడం దుర్బుద్ధి కిందికి వస్తుందని జవాబు వచ్చింది. దిగేటప్పుడు మొదటి గేరులో, రెండు కాళ్లూ నేల మీద ఈడుస్తూ దిగేవాడు. చెప్పుల అడుగులు అరిగిపోయాయి. అయినా ఎనిమిదిన్నరకి డబ్బా దగ్గర ఉండడం మానలేదు. తొంభై పడితే తొంభై రాశాడు.

సంచాలకుల వారు వచ్చే ముందు సాయంత్రం పరాంకుశం గారు అతన్ని షెడ్డులోకి పిలిచారు. తలుపు దగ్గరగా వేశారు. చొక్కా చేతులు పైకి మడుచుకున్నారు. జేబులోంచి స్పానరు తీశారు. చాకుతో లక్క ముద్ర నేర్పుగా ఊడబెరికి, పై నట్టు సడలించి, రింగుని పిసరంత తిప్పి, ఫోర్కులు కుదిపి, మళ్లీ పిసరంత తిప్పి, హ్యాండిలు అటూ ఇటూ వదిలి చూసి, పై నట్టు బిగించారు. చేతులు ఎక్కడా తడబడలేదు. దాలినాయుడు కొవ్వొత్తి పట్టుకుంటే కొత్త లక్క కరిగించి, శాఖ ముద్ర తనే గుద్దారు.

సన్యాసిరావు ఫోర్కులు కుదిపి చూశాడు. ‘టక్’ లేదు. కోపంతో అతని చెవులు వేడెక్కాయి.

“సార్, ఇంతేనండి? ఇదేనండి నాను మూడు నెల్ల నుంచి అడుగుతన్నది!”

కుర్చీ దగ్గర్లో లేదు కాబట్టి పరాంకుశం గారు మామూలు మనిషిలాగే మాట్లాడారు. “ఒరే బాబూ, రేపు పెద్దాయన పడ్డాడంటే మన కొంపలు మునిగిపోతాయిరా.”

“నాను పడితేనో?”

“నీకు మెడికల్ లీవు ఉందిగా,” అన్నారు పరాంకుశం గారు. ఎగతాళికి కాదు, నిజంగా ఓదార్పుగానే అన్నారు.

మర్నాడు మైదానంలో షామియానా, కుర్చీలు, మైకు. సంచాలకుల వారు పూలదండతోనే బండెక్కి రెండు చుట్లు తిరిగారు. హ్యాండిలు వీసమెత్తు వణకలేదు. దిగి మైకు అందుకుని, “నేనీ రోజు మైనస్ పన్నెండు మిల్లీమీటర్లను నా రెండు చేతులతో అనుభవించాను” అన్నారు. చప్పట్లు. ఆ ఉత్సాహంలో ఆయన ఒక కోరిక కోరారు. ప్రజల సమక్షంలో మరోసారి కొలత తియ్యండి.

పరాంకుశం గారి మొహం పాలిపోయింది. ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు. గ్లాసు బిగించారు, యాభై పోశారు, సన్యాసిరావు నడిపి తెచ్చాడు. దాలినాయుడు గీతలు చూశాడు, పరాంకుశం గారి వంక చూశాడు, మళ్లీ గీతలు చూశాడు.

“యాభై సార్.”

కంపనం సున్న. ప్రపంచంలో ఏ మోటారు సైకిలుకైనా అది శుభవార్త. సంచాలకుల వారు దండ తీసి కుర్చీ మీద పెట్టారు.

“నిన్నటిదాకా రికార్డులో ఉన్న పన్నెండు మిల్లీమీటర్ల స్థిరత్వం ఏమైంది?” అన్నారు. “ప్రభుత్వ స్థిరత్వం అది. నడిచిపోయిందా? ఈ పరికరం ఎవరి కస్టడీలో ఉంది?”

అందరూ సన్యాసిరావు వంక చూశారు. పరాంకుశం గారు షామియానా గుంజ వంక చూశారు.

ఆ సాయంత్రం బండి అతనికే ఇచ్చి పంపారు, మర్నాడు విచారణకి తీసుకురమ్మని. సన్యాసిరావు తిన్నగా ఇంటికి పోలేదు. కొండెక్కి, మళ్లీ దిగాడు. అరవైలో యాక్సిలేటరు వదిలాడు. ఏమీ కాలేదు. నేరేడు మలుపు దగ్గర బండి తనంత తాను ఒరిగి, తిరిగి, తిన్నగా అయింది. నెలల తరబడి బిగదీసుకున్న భుజాలు వదులయ్యాయి. అతనికి ఏడుపొచ్చింది. మెడ బిగించిన బండి మీద కొండ దిగడం అంత సుఖమని అతను మరిచిపోయాడు.

విచారణ పొడుగ్గా సాగలేదు. పన్నెండు మిల్లీమీటర్ల స్థిరత్వం కాజేసినందుకు ఉద్యోగం నుంచి ఎందుకు తొలగించరాదో చెప్పమన్నారు.

“సార్, మొన్న షెడ్డులో తమరే బిగించేరు కదండి,” అన్నాడు సన్యాసిరావు.

“బిగించినట్టు ఎక్కడైనా నమోదైందా?” అన్నారు పరాంకుశం గారు, ఇప్పుడు కుర్చీలోంచి. “ముద్ర చెక్కుచెదరలేదు. ముద్ర ఉన్నచోట ఎవరూ చెయ్యి పెట్టనట్టే గదా. అయితే మానవతా దృక్పథంతో ఒక అవకాశం ఇస్తున్నాను. సదరు పరికరమును యథాపూర్వ స్థితికి తెచ్చి, లోటు భర్తీ చేసిన యెడల, అభియోగము ఉపసంహరించబడును.”

అంటే నట్టు మళ్లీ వదులు చెయ్యాలి. స్పానరు అతని చేతికే ఇచ్చారు. ఉద్యోగం తప్ప మరో ఆధారం లేని మనిషి. మంచి దారం ముడిని పళ్లతో కొరికి విప్పినంత కష్టంగా ఆ రింగుని వెనక్కి తిప్పాడు. ఫోర్కులు కుదిపారు. టక్. పరాంకుశం గారు తృప్తిగా తలూపి ముద్ర వేశారు. లోటు భర్తీకి వాన కోసం కాచుకున్నారు. వాన రాగానే బండిని ఆరుబయట సెంటర్ స్టాండు మీద నిలబెట్టి, గరాటు పెట్టి, అందరూ వరండాలో టీ తాగుతూ చూశారు. గ్లాసులో అరవై రెండు రాగానే దాలినాయుడు పరుగున వెళ్లి గొడుగు పట్టాడు. మైనస్ పన్నెండు. ప్రభుత్వ సొత్తు పైసా నష్టం లేకుండా రాబట్టిన ఉప సంచాలకులకి ప్రశంసాపత్రం వచ్చింది.

సన్యాసిరావు మర్నాటి నుంచి మళ్లీ కొండెక్కాడు. దిగేటప్పుడు బండి దిగి, బ్రేకు పట్టుకుని, పక్కన నడిచేవాడు. ఫోను ఆలస్యమైంది. ఆలస్యానికి మెమో వచ్చింది. దాంతో ఒకరోజు వానలో తొందరపడి బండెక్కి దిగాడు. నేరేడు మలుపు దగ్గర హ్యాండిలు కొట్టుకుంది. ఈసారి అటు పక్కకి. బండి ముందు చక్రం రాతికట్ట మీదికెక్కి, లోయ అంచున ఆగింది. చక్రం గాల్లో తిరుగుతోంది. కింద కొర్రగెడ్డ హోరు వినబడుతోంది. సన్యాసిరావు అక్కడే రోడ్డు మీద కూలబడ్డాడు. చచ్చిపోతానని అతనికి నిజంగా, మొదటిసారి, భయమేసింది.

మర్నాడు కొండ మొదట్లో టీ కొట్టు దగ్గర బండి ఆగింది. బెంచీ మీద తక్కిన పరిశీలకులు జరిగి చోటిచ్చారు. సన్యాసిరావు టీ తాగాడు, కొండ మీది మబ్బు వంక ఒక చూపు చూశాడు, ఫోన్ చేసి “ఇరవై” అన్నాడు. అవతల దాలినాయుడు రాసుకున్నాడు. భూమి బద్దలవలేదు.

ఆ తర్వాత పది, పదిహేను, ఇరవై. రెండు నెలలు గడిచాక రాజధాని నుంచి అతని పేరనే ఒక ప్రశంసాపత్రం వచ్చింది. ‘కొర్రగెడ్డ కేంద్రం అంకెలు పదకొండేళ్లుగా విపరీతమైన ఒడిదుడుకులకు లోనై ఉండగా, ఇటీవల వాటియందు ఎట్టి కంపనమూ లేక, ఆదర్శప్రాయమైన స్థిరత్వము గోచరించుచున్నది.’ పరాంకుశం గారు దాన్ని నలుగురిలో పైకి చదివి, అతనికి దండ వేసి, ఆలింగనం చేసుకున్నారు. “చూశావా, నువ్వూ స్థిరపడ్డావు,” అన్నారు.

సన్యాసిరావు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాడు. తెల్లారుజాము నుంచి కొండ మీద మబ్బు నల్లగా దిగి ఉంది. ఊళ్లో మాత్రం చినుకు లేదు. నూకరత్నం కంచం పెట్టింది.

“ఏటయ్యా, కొండమీద ఎంత పడింది?”

“ఇరవై.”

ఆమె అన్నం వడ్డిస్తూ అతని పంట్లాం వంక చూసింది. ఇస్త్రీ మడత నలగలేదు. అంచుల దగ్గర ఒక్క తడి చుక్క లేదు. రెండు నెలలుగా చూస్తూనే ఉంది, ఈ రోజు మాత్రం కాస్త ఎక్కువసేపు చూసింది.

వీధిలోంచి ఎవరో పిలిచారు. “వదినా! సంతకెల్లాల. కొండమీద ఎంత పడిందంట? గెడ్డ దాటీమంటావా?”

నూకరత్నం గరిట పట్టుకునే గుమ్మంలోకి వెళ్లింది. ఒకసారి వెనక్కి తిరిగి మొగుడి వంక చూసింది. అతను ఏమైనా అంటాడేమోనని ఆగింది. అతను కంచం దగ్గరికి లాక్కున్నాడు.

“మాకు తెల్దమ్మా,” అంది వీధిలోకి. “మీరే ఎల్లి గెడ్డని సూసుకోండి.”

సన్యాసిరావు తలెత్తకుండా అన్నం కలుపుకున్నాడు.